ఎర ఓడ

వరసగా పదకొండు ఆటలు గెలిచిన అబ్బులు, ఆ తర్వాత వరసగా నాలుగు ఓడిపోయాడు. ఎందుకు ఓడిపోతున్నాడో అతనికి తెలుసు. దాన్ని ఎలా సరిచెయ్యాలో మాత్రం తెలియడం లేదు. ఆదివారం భోజనం కాగానే బండి తీసి, కాకినాడ జగన్నాథపురంలో ఉన్న మెహతాబ్ టీచర్ ఇంటికి బయల్దేరాడు.

మెహతాబ్ బేగం ముప్పయ్యేళ్లు మునిసిపల్ హైస్కూల్లో భూగోళం చెప్పి రిటైరయ్యారు. కాలు విరిగి ఐదు నెలలు మంచం పట్టినప్పుడు, కాలక్షేపానికని మేనల్లుడు కంప్యూటర్లో ఒక ఆట పెట్టిచ్చాడు. రెండొందల ఏళ్ల కిందటి తెరచాప ఓడలతో యుద్ధం చేసే ఆట. కాలు బాగైంది గానీ ఆవిడ ఆట మానలేదు. గాలి ఎటునుంచి వీస్తే ఏ ఓడ ఎంత జోరుగా పోతుందో, ఏ గుండు ఎంత దూరం నుంచి పేల్చాలో ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని ఆడేవాళ్లలో పేరు. నేర్చుకోవడానికి ఎవరొచ్చినా కాదనేవారు కాదు. నేర్పడమంటే పాఠం చెప్పడం కాదు, పక్కన కూర్చోబెట్టుకుని ఆడడమే.

అబ్బులు రెండేళ్లుగా ఆవిడ శిష్యుడు. టైర్ల షాపులో కార్ల చక్రాలు వరస సరిచేసే పని. చక్రం వెంట్రుకవాసి పక్కకున్నా పట్టేసే కన్ను అతనిది. ఆ కన్ను ఆటలోనూ అక్కరకొచ్చింది. తనతో కలిపి నలుగురి జట్టు కట్టాడు. నాయకుడు తనే. అందులో తాతాజీ అనేవాడు మూడో తరగతి నుంచీ స్నేహితుడు, బేకరీలో పనిచేస్తాడు.

పదకొండు ఆటలు గెలిపించిన ఎత్తు అబ్బులు సొంతంగా ఆలోచించి పెట్టుకున్నదే. నాలుగు ఓడల్లో చిన్నది తాతాజీకి ఇస్తాడు. అది ఒంటరిగా శత్రువుల్ని దాటుకుని అవతలికి పోతూ వాళ్ల కంట పడుతుంది. తేలిగ్గా దొరికేలా ఉంది కదా అని వాళ్లు వరస చెదిరి దాని వెంట పడతారు. పడ్డారంటే, వాళ్ల ఓడల వెనక భాగం మూడు పెద్ద ఓడలకి ఎదురుగా ఉంటుంది. ఏ ఓడకైనా పక్కల్లోనే ఫిరంగులు, వెనక ఏమీ ఉండవు. అప్పుడు అబ్బులు మిగతా ఇద్దరినీ వెంటబెట్టుకుని గాలివాటున దిగి, వెనక నుంచి చీల్చేస్తాడు. పదకొండుసార్లూ అలాగే జరిగింది. పదకొండుసార్లూ చిన్న ఓడ మునిగింది.

ఆటలో ఇంకో నియమం ఉంది. మునగని ఓడలో నావికులకి ఆట ఆటకీ పనితనం పెరుగుతుంది. మునిగిన ఓడకి మళ్లీ ఏమీ తెలియని కొత్తవాళ్లే వస్తారు. ఆ లెక్కన అబ్బులు ఆ జట్టుకి మహానావికుడయ్యాడు. తాతాజీ మొదటి రోజు ఎక్కడున్నాడో అక్కడే ఉండిపోయాడు. పన్నెండో ఆట ముందు రోజు, నేనిక ఆడనని ఫోన్‌లో ఒక్క ముక్క రాసి పంపాడు. ఆ తర్వాత ఫోన్ తియ్యలేదు. టైర్ల షాపు ముందు నుంచే పోతూ కూడా సైకిల్ ఆపలేదు.

రాష్ట్రస్థాయి పోటీ రెండు వారాల్లో ఉంది. తాతాజీ బదులు ముగ్గుర్ని మార్చి చూశాడు అబ్బులు. ముగ్గురిదీ ఒకటే వరస. సగం దూరం పోతారు, నాలుగు గుండ్లు తగలగానే ఓడ వెనక్కి తిప్పేస్తారు. ఎత్తు అక్కడే చెడిపోతోంది.

ఇదంతా టీచర్‌కి చెప్పాడు. ఆవిడ భోజనాల బల్ల దగ్గర పళ్లెంలో గోరుచిక్కుళ్లు తుంచుకుంటున్నారు. బల్ల మీద రెండు కంప్యూటర్లు ఎదురెదురుగా ఉన్నాయి.

"ఎర ఓడ మధ్యలో వెనక్కి తిరక్కుండా ఏం చెయ్యాలో చెప్పండి టీచర్‌గారూ," అన్నాడు.

తాతాజీ ఉన్నప్పటి ఆట ఏదైనా చూపించమన్నారు ఆవిడ. దాచిపెట్టుకున్నవాటిలో బాగా గెలిచినదాన్ని తీసి చూపించాడు. ఆవిడ చివరిదాకా చూశారు. తెర మూలన మధ్యమధ్య, ఇక రండి, ఎక్కడున్నారు అంటూ చిన్న అక్షరాలు వచ్చి పోతున్నాయి. అవెవరివని అడిగారు. తాతాజీ రాసినవని చెప్పాడు అబ్బులు. యుద్ధం నడుస్తుంటే అవి చదువుతూ కూర్చుంటే గురి తప్పుతుందని కూడా చెప్పాడు.

ఆవిడ రెండో కంప్యూటర్ చూపించారు. అటు కూర్చో, ఇద్దరం ఒకే పక్క ఉండి కంప్యూటర్‌తో ఆడదాం అన్నారు. నీ ఎత్తే వేద్దాం, పెద్ద ఓడలు మూడూ నేను నడుపుతాను, చిన్నది నువ్వు తీసుకో అన్నారు. అబ్బులుకి హుషారొచ్చింది. ఎర ఓడ ఎలా నడపాలో తనకంటే ఎవరికి తెలుసు?

బాగానే నడిపాడు. గాలికి అడ్డంగా పోతూ, శత్రువుల గుండ్లకి అందీ అందనట్టు కవ్వించాడు. వాళ్ల నాలుగు ఓడలూ ఒక్కొక్కటే వరస తప్పి అతని మీదికి తిరిగాయి. అనుకున్నదానికంటే ముందే తిరిగాయి.

"వెంటపడ్డారండి. ఇక రావచ్చు," అన్నాడు.

"వస్తున్నా," అన్నారు టీచర్. చేతులు పళ్లెంలోనే ఉన్నాయి.

మొదటి దెబ్బ గొలుసు గుండ్లది. రెండు గుండ్లని గొలుసుతో కలిపి పేలుస్తారు, తెరచాపలు చీలిపోవడానికి. అబ్బులు ఓడ వేగం సగానికి పడిపోయింది. ఓడలో నూట ఇరవై మంది నావికులు. తెర పక్కన ఆ అంకె తగ్గుతూ వస్తోంది. తొంభై. డెబ్బై నాలుగు. పెద్ద ఓడలు ఎక్కడున్నాయో వెతికాడు. బయల్దేరిన చోటే, తెరచాపలు ముడిచి నిలబడి ఉన్నాయి.

"టీచర్‌గారూ."

"వస్తున్నా నాయనా."

యాభై ఒకటి. ఓడలోకి నీళ్లొస్తున్నాయని ఎర్రగుర్తు పడింది. అబ్బులు చెయ్యి దానంతటదే కదిలింది. ఓడ ముక్కు వెనక్కి తిరగడం మొదలుపెట్టింది.

"తిప్పకు," అన్నారు టీచర్, తెర వైపు చూస్తూనే ఇంకో చిక్కుడుకాయ తుంచి. "ముందుకే పోనీ."

అతను ముందుకే పోనిచ్చాడు. ఇంకో మూడు నిమిషాలు పట్టింది ఓడ మునగడానికి.

అప్పుడు ఆవిడ తువ్వాలుతో చేతులు తుడుచుకుని మౌస్ అందుకున్నారు. పెద్ద ఓడలు మూడూ తెరచాపలు విప్పి గాలివాటున దిగాయి. అబ్బులు మంచినీళ్లకని లేవబోయాడు. ఆట అవలేదు, కూర్చో అన్నారు ఆవిడ. కూర్చున్నాడు. ఓడ పోయినవాడికి ఆ ఆటలో తను మునిగిన చోటు తప్ప ఇంకేమీ కనిపించదు. నీళ్లు, తేలుతున్న నాలుగు చెక్కలు, ఎక్కడో దూరంగా ఫిరంగుల మోత. ఇరవై రెండు నిమిషాలు అతను ఆ చెక్కల్నే చూస్తూ కూర్చున్నాడు. ఇంతకుముందు ఆ బొమ్మ ఎప్పుడూ చూసి ఎరగడు.

"గెలిచాం," అన్నారు టీచర్.

నిజంగానే గెలిచారు. పెద్ద ఓడలకి పెద్ద దెబ్బలు కూడా తగల్లేదు.

అబ్బులు, "వాళ్లు తిరగ్గానే మీరు వచ్చి ఉంటే కూడా గెలిచేవాళ్లమండి," అన్నాడు.

"గెలిచేవాళ్లమే," అని ఆవిడ పళ్లెం పట్టుకుని లేచారు. "ఎర ఓడ మధ్యలో తిరక్కుండా ఏం చెయ్యాలని కదా అడిగావు. నువ్వెందుకు తిప్పావు?"

ఆవిడ జవాబు కోసం చూడకుండా వంటింట్లోకి వెళ్లారు. లోపల కుళాయి తిప్పిన చప్పుడైంది.

మర్నాడు షాపులో ఒక పూట సెలవు పెట్టి బేకరీ వెనక సందులోకి వెళ్లాడు. రస్కుల ట్రేలు బయటికి వచ్చేదాకా తాతాజీకి తీరిక ఉండదు. నాలుగింటిదాకా నిలబడ్డాడు. తాతాజీ బయటికొచ్చి, చూసి, వెనక్కి వెళ్లిపోలేదు. అదే చాలనుకున్నాడు అబ్బులు. పోటీకి రమ్మని అడిగాడు. చిన్న ఓడ మాత్రం నడపనని తాతాజీ ముందే చెప్పేశాడు.

"చిన్నది నేను తీసుకుంటా," అన్నాడు అబ్బులు.

తాతాజీ చేతికున్న పిండి దులుపుకున్నాడు. "పెద్దవి ఎప్పుడు కదలాలో ఎవరు చెప్తార్రా?"

"నువ్వే చూసుకో. అది నాకంటే నీకే బాగా తెలుసు."

తాతాజీ ఏ రోజో, ఎన్నింటికో అడిగి లోపలికి వెళ్లిపోయాడు.

పోటీలో మొదటి రెండు ఆటలూ గెలిచారు. రెండిట్లోనూ అబ్బులు ఓడ తెరచాపలు చీలికలైనా తేలుతూనే ఉంది. మూడో ఆట ఓడిపోయి ఇంటిదారి పట్టారు.

ఆ ఆదివారం టీచర్‌కి ఉన్నదున్నట్టు చెప్పాడు అబ్బులు. శత్రువులు పూర్తిగా తిరక్కముందే తాతాజీ దిగిపోయాడు. నాలుగు ఓడల ఫిరంగులూ ఒక్కసారిగా అతని మీద పేలాయి. అబ్బులు జట్టులో అన్నిటికంటే పెద్ద ఓడ అది. పావుగంటలో మునిగిపోయింది.

"అంత తొందరెందుకు పడ్డాడు?" అని అడిగారు ఆవిడ.

"నా ఓడలో అప్పటికి ముప్పై మందే మిగిలారండి," అన్నాడు అబ్బులు. "నేను రమ్మని అడగను కూడా లేదు."

"నువ్వేమన్నావు అతన్ని?"

"ఏమీ అనలేదండి."

మెహతాబ్ టీచర్ కళ్లద్దాలు తీసి, పైటచెంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

"వచ్చే ఆదివారం అతన్ని కూడా తీసుకురా," అన్నారు.