మేస్త్రీలు గుంజిళ్లు తీసే గణపతి కోవెల

గానుగమిట్టలో బస్సు దిగిన భక్తులకు ముందుగా కనబడేది స్వామి కాదు. కోవెల ముంగిట మీసాలు నెరిసిన తాపీ మేస్త్రీలు చెవులు పట్టుకుని గుంజిళ్లు తీస్తుంటారు. ఎదురుగా నిలబడి వారి శిష్యులు లెక్కపెడుతుంటారు. “అయ్యో, పెద్దవాళ్లకు ఇదేం ఖర్మ!” అని కొత్తవారు నొచ్చుకుంటారు. నొచ్చుకోనక్కర్లేదు. దక్షిణపు గోడ బొజ్జలా ఉబ్బి ఉందని దూరంగా జరగనూ అక్కర్లేదు. అది పడదు. ఎందుకు పడదో చెప్పేదే ఈ స్థల మాహాత్మ్యం.

పూర్వం ఇక్కడ సున్నం నూరే గానుగ తప్ప మరేమీ లేదు. ఒకనాడు గానుగెద్దు నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, ఎంత అదిలించినా కదలలేదట. దాని గిట్టల కింద తవ్వితే విఘ్నేశ్వరుడు బయటపడ్డాడు. ఆ సీమను ఏలే దొర మల్లోజు మేస్త్రీని పిలిచి తాంబూలమిచ్చాడు. “చవితి నాటికి కోవెల లేవాలి. లేవకపోతే తాపీ కింద పెట్టి సీమ విడిచిపో” అన్నాడు. మల్లోజుకు తాపీ పట్టడం తప్ప మరో విద్య రాదు.

ఆయన దగ్గర పని నేర్చుకునేవాడు సింగోజు. స్వయానా భార్య కామాక్షమ్మకు తమ్ముడు. కాబట్టి తరిమేసే యోగం మేస్త్రీకి లేదు. ఆ రోజుల్లో గోడ గట్టిపడాలని సున్నంలో కరక్కాయ నీళ్లు, బెల్లపు నీళ్లు పోసి నూరేవారు. బెల్లం కలిపే పని సింగోజుది. వాడికి తీపంటే ప్రాణం. బెల్లం కడుపులోకీ, ఉత్త నీళ్లు సున్నంలోకీ పోయేవి. వాన పడగానే దక్షిణపు గోడ కాస్తా కూలింది. చీమలు సున్నం వైపు కన్నెత్తి చూడకుండా సింగోజు దుప్పటి చుట్టూ బారులు తీరడంతో గుట్టు బయటపడింది.

మల్లోజు ఊరుకుంటాడా! “నీ దుంప తెగ! గోడ తినేశావు కదరా!” అని బెత్తం విరిగేలా బాదాడు. పస్తు పెట్టాడు. అక్క కొంగుచాటున అన్నం ముద్దలు చేరవేసింది. చివరికి ఎద్దును విప్పి, బావమరిదిని గానుగకు కట్టాడు. వాడు హాయిగా పదాలు పాడుతూ తిరిగాడు. చూడవచ్చిన జనం జాలిపడి అరటిపళ్లు పెట్టారు. బెల్లం మాత్రం మళ్లీ వాడి కడుపులోకే పోయింది. మళ్లీ కట్టిన గోడ మళ్లీ కూలింది.

చవితి ముంచుకొచ్చింది. మల్లోజు కూలిన గోడ పక్కన చతికిలబడి, “స్వామీ, వీడి వల్ల నా బతుకు బుగ్గిపాలైంది” అని భోరుమన్నాడు. ఏడ్చి ఏడ్చి అక్కడే కునుకు తీశాడు. కలలో గణపతి ప్రత్యక్షమయ్యాడు.

“తప్పెవరిదిరా?”

“వాడిదే స్వామీ!”

“సున్నంలో బెల్లం ఎందుకో వాడికెప్పుడైనా చెప్పావా?”

మల్లోజు ఏనాడూ చెప్పింది లేదు. కిటుకు చెబితే తన మేస్త్రీతనానికే ఎసరొస్తుందని ఆయన భయం. వాడు అడిగినప్పుడల్లా “చెప్పింది చెయ్, నోరు ముయ్” అనేవాడు.

“చెప్పని చదువుకు దెబ్బలొకటా? నువ్వే గుంజిళ్లు తియ్యి. వాడు చాలన్నదాకా ఆపకు” అని స్వామి అంతర్ధానమయ్యాడు.

మల్లోజు లేచి, సిగ్గు చంపుకుని శిష్యుణ్ణి పిలిచి చెవులు పట్టుకున్నాడు. సింగోజు ఆనందానికి పట్టపగ్గాల్లేవు. గొంతెత్తి లెక్క మొదలుపెట్టాడు. కానీ లెక్కలోనూ వాడిది అజాగ్రత్తే. మధ్యలో తప్పడం, మళ్లీ ఒకటి నుంచి ఎత్తుకోవడం! మేస్త్రీ తిట్టకుండా మళ్లీ మొదటి నుంచి తీశాడు. మోకాళ్లు పటపటమన్నాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా ఆపలేదు. తిట్టని బావను సింగోజు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

“చాలు బావా! నీ కాళ్లు పట్టుకుంటా, చాలు!” అని బావురుమన్నాడు.

అప్పుడు మల్లోజు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, దాచుకున్న కిటుకులన్నీ విప్పి చెప్పాడు. మర్నాటికి మేస్త్రీ కాళ్లు కొయ్యబారాయి. ఆయన చెట్టు నీడన కూర్చుని చెబుతుంటే సింగోజు ఒక్కడే గోడ లేపాడు. కొత్త చెయ్యి కావడంతో అది కాస్త బొజ్జలా ఉబ్బింది. బెల్లం వేలికంటితే ఆ వేలు కూడా సున్నంలోనే కడిగాడు.

చవితినాడు దొర వచ్చాడు. “గోడకు ఈ బొజ్జేమిటి?” అని కళ్లెర్రజేసి, ఏనుగుచేత నెట్టించాడు. ఏనుగు అలసిపోయింది కానీ గోడ చెక్కు చెదరలేదు.

“ఎవరు కట్టారు?” అన్నాడు దొర.

“నా శిష్యుడు దొరా” అన్నాడు మల్లోజు. మేస్త్రీతనం పోతే పోయిందనుకున్నాడు.

“కట్టింది నా చేతులే దొరా. అందులో ఉన్న చదువు మా బావది” అన్నాడు సింగోజు. దొర ఇద్దరికీ తాంబూలమిచ్చాడు.

నేటికీ కొత్త పని పట్టే ముందు మేస్త్రీలు శిష్యులతో వచ్చి ఈ మొక్కు తీర్చుకుంటారు. శిష్యుడు చాలనేదాకా గుంజిళ్లు తీసి, బెల్లం ముక్క ముందు గోడకు తాకించి, ఆపై ప్రసాదంగా పంచుతారు. అలా చేసి కట్టిన ఇంట కప్పు కారదనీ, ఆ ఇంటివారు చల్లగా ఉంటారనీ నమ్మకం. సాధారణంగా శిష్యులు కాసేపటికే కళ్లు తుడుచుకుని చాలంటారు. ఒక్కడు మాత్రం సాయంత్రం దాకా లెక్కపెట్టాడట. అతను మేస్త్రీ కాలేదు, కాంట్రాక్టరయ్యాడని అర్చకస్వామి చెబుతుంటారు.