పలక తినేసిన కోడిపెట్ట

ఒకప్పుడు, నోళ్లు కొత్తగా వచ్చిన రోజుల్లో, దాదాపు ఏ జీవికీ పొట్టి శబ్దం పలకడం రాదు. అన్నీ సాగదీసేవే. కాకి పొద్దున్నే "కాఆఆఆ" అని మొదలుపెడితే ఎండ నడినెత్తికి వచ్చేసరికి ముగించేది. కప్ప "బేఏఏఏ" అంటూ ఉండగానే వాన వెలిసిపోయేది. ఎవరికీ తొందర లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

తొందర మచ్చలమ్మకొచ్చింది.

మచ్చలమ్మ ఒళ్లంతా మచ్చలున్న కోడిపెట్ట. ఎనిమిది పిల్లల తల్లి. ఆకాశంలో గద్ద కనబడగానే "కోఓఓఓ" అని పిల్లల్ని పిలిచేది. పిల్లలు ఎక్కడివక్కడే నిలబడి, పిలుపు పూర్తయ్యేదాకా వినేవి. అమ్మ మాట మధ్యలో కదలకూడదని వాటికి నేర్పింది కూడా ఆమే. అంత మర్యాదగా నిలబడ్డ పిల్లల్లో ఒకదాన్ని గద్ద తన్నుకుపోయింది. మర్నాడు ఇంకొకదాన్ని.

"ఆరుగురే మిగిలారయ్యా" అంది మచ్చలమ్మ మొగుడితో.

మొగుడు తురాయప్ప పెద్ద తురాయి ఉన్న పుంజు. "ఇంకాస్త సాగదియ్యవే. గద్ద హడలి చస్తుంది" అన్నాడు.

"సాగదీస్తూనే ఉన్నాం, అది ఎత్తుకుపోతూనే ఉంది."

ఆ చుట్టుపక్కల పొట్టి శబ్దం తెలిసింది ఒక్క వడ్రంగిపిట్టకే. ఆయన మాను మీద ముక్కుతో కొడుతూ మాట్లాడేవాడు. ముక్కు మానుకు తగలగానే మాట తెగిపోయేది. టక్ అంటే టక్కే.

మచ్చలమ్మ పిల్లల్ని వెంటేసుకుని ఆయన దగ్గరికి వెళ్లింది. "పంతులుగారూ, ఆ పొట్టిమాట నాక్కూడా నేర్పండి. నా పిల్లలు నాకు దక్కాలి" అని వేడుకుంది. తురాయప్ప కూడా వచ్చాడు. చదువంటే ఇష్టమని కాదు. పెళ్లానికి వచ్చింది తనకు రాకపోతే నలుగురిలో ఏం బాగుంటుంది?

పంతులు పద్ధతి తప్పేవాడు కాదు. అక్షరాభ్యాసం కానిదే పాఠం మొదలుపెట్టడు. ఆకులో గుప్పెడు బియ్యం పోసి సమంగా పరిచాడు.

"ఇదే పలక. కాలిగోటితో ఇందులో ఒక చిన్న గీత గియ్యాలి. ముందు ప్రార్థన" అని కళ్లు మూసుకున్నాడు. ప్రార్థన మొత్తం మూడొందల టక్కులు.

కళ్లు తెరిచేసరికి బియ్యం సగమే ఉంది.

"పలకేదమ్మా?"

"తినేశానండీ" అంది మచ్చలమ్మ. "గింజ కనబడితే ఆగలేనండి."

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అన్నాడు పంతులు. "పలక తిన్నవాళ్లకు పాఠం లేదు. వెళ్లిరండి."

పాఠం లేకపోతే రేపు ఇంకో పిల్ల ఉండదు. మచ్చలమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. "కోఓఓఓ" అని ఏడుస్తూనే మిగిలిన బియ్యం పొడవసాగింది. ఏడుపు ఏడుపే, తిండి తిండే. అయితే గింజ మీద ముక్కు మూసుకున్నప్పుడల్లా ఏడుపు మధ్యలో తెగింది. కొక్. కొక్. కొక్.

ఎగిరిపోబోతున్న పంతులు ఆగాడు.

"మళ్లీ తినమ్మా."

"కొక్" అని తింది.

"అదే పొట్టి శబ్దం! నోరు తెరువు, పలుకు, గింజ దొరికినట్టు టక్కున మూసెయ్యి. అంతే చదువు."

ఆకు ఖాళీ అయ్యేసరికి మచ్చలమ్మకు గింజ లేకుండానే నోరు మూయడం వచ్చింది. తురాయప్ప కూడా మొదలుపెట్టాడు. ముందు పలికినవన్నీ పొట్టిగా బాగానే వచ్చాయి. చివరికొచ్చేసరికి "కోఓఓఓ" అని అందుకున్నాడు.

"చివరిది కూడా పొట్టిగానే పలకాలయ్యా" అన్నాడు పంతులు.

"చివర్లో కాస్త సాగకపోతే పెద్దరికం ఏముంటుందండీ? నాకు పాఠం వచ్చేసింది" అని తురాయప్ప అందరికీ వినిపించడానికి ఒక బండరాయి ఎక్కాడు.

ఎత్తు మీద ఉన్నాడు కాబట్టి గద్ద రావడం ముందు ఆయనకే కనిపించింది. "కొక్కొరొ" దాకా గబగబా అరిచాడు. "కోఓఓఓ" దగ్గర కళ్లు మూసుకుని ఉండిపోయాడు. పిల్లలు ఎక్కడివక్కడే మర్యాదగా నిలబడి వింటున్నాయి. గద్ద నీడ వాటి మీద పడింది.

"కొక్!" అంది మచ్చలమ్మ.

అమ్మ మాట అయిపోయింది. పిల్లలు పరుగెత్తి రెక్కల కింద దూరాయి. గద్ద గోళ్లకు మట్టి దొరికింది. మచ్చలమ్మ రెక్కల కింద ముక్కుతో ఒక్కొక్క పిల్లనూ తడిమి చూసుకుంది. ఆరూ ఉన్నాయి. ఆరూ వెచ్చగా ఉన్నాయి. అంత సంతోషం ఆమెకు ఎప్పుడూ కలగలేదు. రాయి మీద తురాయప్ప ఇంకా ముగించలేదు.

అప్పటినుంచే కోడిపుంజు కూత పొట్టిగా మొదలై పొడుగ్గా ముగుస్తుంది. వచ్చిన పాఠం ముందు, రానిది వెనక. అప్పటినుంచే కోడిపెట్ట పొద్దస్తమానం కొక్ కొక్ అని వల్లె వేసుకుంటూ తిరుగుతుంది. వచ్చిన పాఠమే కదా, ఇంకా ఎందుకని మీరు అడగొచ్చు. గద్ద చెప్పి రాదు కదా.