పసుపుపచ్చ పడవ

బడి తెరిచిన రోజు అంకమ్మ ఒక్కతే గడప దాటలేదు.

తక్కిన పిల్లలంతా కేకలు వేస్తూ గదిలోకి దూరారు. ఒకడు గోడ మీది తాబేలును తడిమి చూశాడు. ఒకతె, పైనుంచి వేలాడుతున్న కాగితపు చేపల్లో తన పేరున్న చేప ఏదో చెప్పమని కొత్త పంతులు యాసీన్ చొక్కా పట్టుకుని లాగింది. అంకమ్మ మాత్రం గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. యాసీన్ వచ్చి చెయ్యి పట్టుకోగానే గొంతు చించుకుని ఏడ్చింది.

"ఇంటికాడ బాగానే ఉంటాది సార్. ఈడికొచ్చేసరికి ఇట్టా చేస్తా ఉండాది" అంది తల్లి కోటమ్మ, నెత్తిమీది ఎండుచేపల గంప దించకుండానే.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

యాసీన్‌కు మనసు చివుక్కుమంది. అతనిది కడప వైపు ఊరు. జిలానీ షా అనే ఫకీరు దగ్గర శిష్యరికం చెయ్యాలని ఎండాకాలం మొదట్లో ఈ గవ్వలపాలెం వచ్చాడు. సముద్రాన్ని చూడడం అదే మొదటిసారి. జిలానీ షా ఉండే దర్గాను ఆనుకుని ఆయన నడిపే చిన్న బడి ఉంది. వేటకు పోయేవాళ్ల పిల్లలు అక్కడ చదువుకుంటారు.

"నీకు బొమ్మలు వెయ్యడం వచ్చు కదా బేటా. బడి తెరిచేలోగా ఒకటో తరగతి గదిని చూసుకో" అన్నాడు గురువు.

యాసీన్ సెలవులన్నీ ఆ గదిలోనే గడిపాడు. గది మొత్తాన్ని సముద్రం చేసేశాడు. చేతికో పుస్తకం పట్టుకున్న ఆక్టోపస్, వీపున సంచీ తగిలించుకున్న పీత, డిప్ప మీద అ ఆలు మోస్తున్న తాబేలు. గుమ్మానికి ఎదురుగా ఉన్న గోడ మీద, పైన, పెద్ద పసుపుపచ్చ పడవ. దాని తెరచాప మీద 'బడికి రండి' అని ఎర్రటి అక్షరాలు. రంగులు ఆరిన రోజున గుమ్మంలో నిలబడి చాలాసేపు తన పనిని తనే చూసుకున్నాడు. ఆ తర్వాత దర్గాకు ఎవరొచ్చినా వెంటబెట్టుకొచ్చి చూపించాడు.

ఇంత చేస్తే, ఈ పిల్ల లోపలికే రాదు!

ఉండబట్టలేక గురువు దగ్గరికి వెళ్లాడు. జిలానీ షా దర్గా ముంగిట్లో కూర్చుని, వచ్చినవాళ్లకు వండి పెట్టడానికి బియ్యంలో రాళ్లేరుతున్నాడు.

"హజ్రత్, ఆ అంకమ్మకు చదువు అబ్బేలా లేదు. అందరూ గంతులేస్తున్న గదిలోకి తనొక్కతే రానంటోంది."

"ఎందుకని?"

"మొండితనం."

"అని ఆ పిల్ల చెప్పిందా?"

"చిన్నపిల్ల, ఏం చెబుతుంది హజ్రత్? ఏడుస్తుంది, అంతే."

జిలానీ షా చేట పక్కన పెట్టి, మోకాళ్లు పట్టుకుంటూ లేచాడు.

అంకమ్మ బడి వరండాలో, గుమ్మానికి కాస్త దూరంగా కూర్చుని ఉంది. తల్లి అక్కడే దింపి చేపలమ్ముకోవడానికి వెళ్లిపోయింది. ముసలాయన వచ్చి ఆ పిల్ల పక్కన నేల మీద కూర్చున్నాడు. పిలవలేదు. బుజ్జగించలేదు. పిల్ల ఎటు చూస్తోందో అటే చూస్తూ ఊరుకున్నాడు.

యాసీన్ వెనక నిలబడ్డాడు. లోపల పిల్లల గోల. గురువు ఏదో ఒకటి అంటాడని ఎదురుచూశాడు. నీడ వరండా అంచు నుంచి జరిగి, ఎండ వాళ్ల కాళ్ల మీదికి వచ్చింది.

చివరికి అంకమ్మే అంది.

"పడవలో ఎవురూ లేరు."

"అవును తల్లీ, లేరు" అన్నాడు జిలానీ షా.

"మా నాయన పడవ గూడా అట్టనే వచ్చింది."



కిందటి కార్తీకంలో తుపాను వచ్చింది. అంకమ్మ తండ్రి అప్పటికే వేటకు పోయి ఉన్నాడు. గాలి తగ్గాక పడవ దానంతటదే ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మనిషి రాలేదు. ఊరంతటికీ తెలిసిన సంగతి అది. యాసీన్ ఎవరినీ ఏమీ అడగలేదు. పడవలో మనుషుల్ని వెయ్యకపోవడానికి అతని కారణం అతనికుంది. ఖాళీగా ఉంటే ప్రతి పిల్లా అందులో తనే కూర్చున్నట్టు ఊహించుకుంటుందని అనుకున్నాడు.

గిరుక్కున తిరిగి వెళ్లి సున్నం బకెట్టు, కుంచె, ఒక గుడ్డ తెచ్చాడు.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు జిలానీ షా.

"తుడిచేస్తాను హజ్రత్. గోడ మొత్తం తెల్లగా చేసేస్తాను."

"ఎవరి కోసం?"

"ఈ బిడ్డ కోసం."

"తుడిచెయ్యమని అడిగిందా?"

యాసీన్ బకెట్టు కింద పెట్టాడు.

జిలానీ షా లేచి గదిలోకి వెళ్లాడు. మూలనున్న రంగు డబ్బాల్లోంచి నల్లరంగు తీసుకున్నాడు. ఒక చిన్న కుంచె అందులో ముంచాడు. పడవ బొమ్మ కింద నిలబడి, గుమ్మం వైపు తిరిగి, కుంచెను అంకమ్మ వైపు చాపాడు. పిల్లల గోల మెల్లగా అణిగింది.

అంకమ్మ లేచింది. గుమ్మం దగ్గర ఆగింది. ఆ కుంచెనే చూస్తూ, గడప దాటి, తిన్నగా ఆయన దగ్గరికి వచ్చి అందుకుంది.

పడవ చాలా పైన ఉంది. పిల్ల మునివేళ్ల మీద లేచినా అందలేదు.

జిలానీ షా తలపాగా తీసి పక్కన పెట్టాడు. గోడ వారగా వంగి, మోకాళ్లూ అరచేతులూ నేలకు ఆనించాడు.

"ఎక్కు తల్లీ."

"హజ్రత్! మీరొద్దు, నేను ఎత్తుకుంటాను..." యాసీన్ ముందుకొచ్చాడు. ఆ పాదాలు తాకడానికి ఎక్కడెక్కడి నుంచో మనుషులు వస్తారు. ఆయన తల ఎత్తకుండానే ఒక చెయ్యి పైకి లేపి ఆగమన్నాడు.

అంకమ్మ ఇసుక కాళ్లతో ఆయన వీపు మీదికి ఎక్కింది. ఒక చెయ్యి గోడకు ఆనించి, నాలుక పంటికింద పెట్టుకుని, పడవలో గీసింది. తెరచాప మీద, అక్షరాలకు పైన, గుండ్రటి తల. కిందికి ఒక గీత. రెండు చేతులు, ఒకటి పొట్టి, ఒకటి మరీ పొడుగు. నల్లరంగు కారి తెరచాప మీది ఎర్రటి అక్షరాల మీదుగా జారింది. యాసీన్ చేతిలోని గుడ్డ అప్రయత్నంగా లేచింది. మళ్లీ తనంతట తానే దిగింది.

పిల్ల ఇంకా గీస్తూనే ఉంది. ఆ మనిషికి కళ్లు పెట్టింది. మీసం పెట్టింది. వంగిన ముసలాయన మోచేతులు వణకడం యాసీన్‌కు కనిపిస్తూనే ఉంది. ఆయన కదల్లేదు.

గీయడం అయ్యాక అంకమ్మ దిగి, కుంచె ఆయనకే ఇచ్చేసి, వెళ్లి పిల్లల మధ్య కూర్చుంది.

జిలానీ షా గోడ పట్టుకుని లేచాడు. వీపున ఇసుక, రంగు మరకలు. దులుపుకోలేదు. తలపాగా తీసుకుని, వెళుతూ వెళుతూ గుమ్మంలో ఆగాడు.

"ఇక బడి తెరువు బేటా."

యాసీన్ సుద్దముక్క అందుకోలేదు. పిల్లల మధ్యకు వెళ్లి అంకమ్మ పక్కన కూర్చున్నాడు.

"మీ నాయన పేరేంది తల్లీ?"

"పోలయ్య."

"పోలయ్య" అన్నాడతను.

కాసేపటికి వెనక వరసలోంచి ఒక పిల్లవాడు లేచాడు. "మా మామ గూడా పోయినాడు సార్. మా మామ పేరు యానాది."

"మా తాత..." అంది ఇంకో పిల్ల, కూర్చున్న చోటు నుంచి జరిగి దగ్గరికొస్తూ.

మధ్యాహ్నం అన్నం గంట కొట్టేదాకా యాసీన్ వింటూ కూర్చున్నాడు.