పలికినవాళ్లదే ఇల్లు

చింతగెడ్డ అనే ఏటి పక్కన ఒక అడవి ఉంది. కిందటి వానాకాలం ఆ ఏటి గట్టు విరిగి పదకొండు బొరియలు మట్టిలో కలిసిపోయాయి. కొందరు చుట్టాల ఇళ్లలో మూలకొకరుగా సర్దుకున్నారు. చుట్టాలు లేనివాళ్లు పొదల కింద తడిశారు. అడవికి పెద్ద అయిన ఎలుగుబంటి పెద్దయ్యకి ఇది చూసి కడుపు తరుక్కుపోయింది. ముళ్లపందుల్ని పిలిచి, నీళ్లెక్కని మెట్ట మీద నాలుగు గదుల బొరియ ఒకటి తవ్వించాడు.

"ఎవరికి ఇల్లు లేదో, ఎవరి ఇల్లు కూలేలా ఉందో పరిశోధన చేసి తేల్చండి. వానలకి ముందే వాళ్లని తెచ్చి ఇందులో పెడదాం" అన్నాడు.

మంచి మాటే. కానీ ఆ పరిశోధన నేను చేస్తానని ముందుకొచ్చింది ఎవరనుకున్నారు? నక్క జంబులింగం! ఇంకేముంది, అయినట్టే.

పెద్దయ్య తేనె కోసం కొండకి వెళ్లాడో లేదో, జంబులింగం మెట్ట మీది బొరియలో మకాం పెట్టేశాడు. ఒక గది ఆఫీసట. ఒకటి పడక్కి, ఒకటి భోజనానికి. నాలుగోది ఆలోచించుకోడానికట! తన పాత బొరియని బామ్మర్దికి ఇచ్చేశాడు.

ఇక లెక్క మొదలైంది. ఎండ తగ్గాక ఒక మోదుగాకు పట్టుకుని బయల్దేరేవాడు. ప్రతి బొరియ ముందూ నిలబడి, "ఇంట్లో ఎవరు?" అని కేకేసేవాడు. లోపలి నుంచి "మేమే" అని ఎవరైనా పలికితే, ఆకు మీద గోరుతో ఒక గీత గీసేవాడు. వీళ్లకి ఇల్లుంది అని దానర్థం. ఎవరూ పలక్కపోతే ముందుకు పోయేవాడు.

పొద కింద ముడుచుకుని పడుకున్న ఉడుము గురవయ్య దారికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"బాబూ, నాకు ఇల్లు లేదు. నన్ను రాసుకో."

"తప్పకుండా. నీ ఇల్లెక్కడ?"

"లేదంటున్నా కదయ్యా!"

"మరి గుమ్మం లేకుండా ఎక్కడ నిలబడి పిలవమంటావ్? పద్ధతి అంటూ ఒకటి ఉంటుంది గురవయ్యా. ముందు ఒక ఇల్లు చూసుకో, ఆ తర్వాత ఇల్లు లేదని చెప్పు."

గురవయ్య మళ్లీ పొద కిందికే పాక్కుంటూ పోయాడు.

ఆ పక్కనే గట్టులో ముంగిస వజ్రమ్మ కాపురం. నలుగురు పిల్లలు, ఇంకా సరిగ్గా నడవడం రాని పసివాళ్లు. ఆమె బొరియ గోడకి పైనుంచి కిందదాకా బీట వేసింది. పిల్లలు అటు దొర్లినా, ఇటు దొర్లినా మట్టి రాలుతోంది. వజ్రమ్మకి కంటిమీద కునుకు లేదు. జంబులింగం రాగానే కాళ్లావేళ్లా పడింది.

"బావగారూ, ఒక్కసారి ఈ గోడ చూడండి. పెద్ద వాన పడితే ఆగదు. మమ్మల్ని మెట్ట మీదికి పంపించండి."

"కూలిందా?"

"ఇంకా లేదు."

"కూలాక రా."

"కూలాక మేమంతా మట్టి కింద ఉంటాం కదండీ!"

"అప్పుడు నువ్వు ఇల్లు లేనివాళ్ల లెక్కలోకి రావు వజ్రమ్మా, చచ్చిపోయినవాళ్ల లెక్కలోకి వస్తావు. అది వేరే శాఖ చూసుకుంటుంది" అని చెప్పి, ఆమెకి ఇల్లున్నట్టు ఒక గీత గీసి వెళ్లిపోయాడు. ఒళ్లు మండదా మరి! వజ్రమ్మ పిల్లల్ని పొదువుకుని బావురుమంది.

ఆ ఏడుపు విని తాబేలు కూర్మయ్య మెల్లగా వచ్చాడు. ఏడుపెందుకో విన్నాడు. వినేసి నవ్వాడు.

"నవ్వొస్తోందా తాతా?"

"నీ కష్టానికి కాదమ్మా, వాడి తెలివికి. సోమవారం నేను ఏటి దగ్గరున్నాను. వాడొచ్చి ఇంట్లో ఎవరంటే, డిప్పలోంచి నేనే అన్నాను. ఒక గీత గీశాడు. మర్నాడు బాట మీద కనిపిస్తే ఇంకో గీత. నిన్న రాళ్ల దగ్గర మూడోది. వాడి లెక్కలో నాకు మూడు ఇళ్లు!"

వజ్రమ్మ ఏడుస్తూనే నవ్వింది.

"లోపలున్నది ఎవరో, ఎందుకున్నారో వాడు చూడడు. పలికితే చాలు, ఇల్లు వాళ్లదే. రేపు పెద్దయ్య కొండ దిగి వస్తున్నాడు. ఎదురెళ్లి దండం పెట్టడానికి వీడు ఏటి రేవు దాకా పోతాడు. వాడటు పోగానే నువ్వు పిల్లల్ని తీసుకుని మెట్ట మీదికి వెళ్లు. గురవయ్యని కూడా పిలువు. ఎవరైనా పిలిస్తే గట్టిగా పలకండి, అంతే."

మర్నాడు ఆకాశం నల్లగా కమ్ముకొచ్చింది. వజ్రమ్మ పిల్లల్ని ఒక్కొక్కరినే నోట కరుచుకుని నాలుగుసార్లు మెట్ట ఎక్కింది. గురవయ్య వెనకాలే వచ్చి గుమ్మం పక్కన సర్దుకున్నాడు. కూర్మయ్య పొద్దున్నే బయల్దేరాడు కాబట్టి సమయానికి చేరాడు.

చినుకులు మొదలయ్యేసరికి జంబులింగం పెద్దయ్యని వెంటబెట్టుకుని, తోక ఊపుకుంటూ వచ్చాడు.

"ఏం తేలింది జంబులింగం? ఇల్లు ఎంతమందికి లేదు?"

"ఒక్కరికీ లేదు పెద్దయ్యా!"

"ఆఁ! ఒక్కరికీ ఇల్లు లేదా?"

"అబ్బే, ఇల్లు లేనివాళ్లు ఒక్కరూ లేరని నా మనవి. పైగా అడవిలో ఇళ్లు మిగిలిపోతున్నాయి."

పెద్దయ్య తల గోక్కున్నాడు. "అంత కచ్చితంగా ఎలా తెలుసుకున్నావు?"

"నా పద్ధతి అలాంటిది. గుమ్మంలో నిలబడి పిలుస్తాను. లోపలి నుంచి ఎవరు పలికితే ఇల్లు వాళ్లది. ఇందులో పొరపాటు జరిగే ప్రసక్తే లేదు!"

"అయితే ఒకసారి చేసి చూపించు బాబూ, పెద్దయ్య కూడా చూస్తాడు. ఇదిగో, ఈ గుమ్మం దగ్గరే" అన్నాడు కూర్మయ్య.

పొగిడితే ఆగే రకమా మనవాడు? ఛాతీ విరుచుకుని తన ఆఫీసు ముందు నిలబడి, "ఇంట్లో ఎవరు?" అని అరిచాడు.

"మేమే!" అని లోపలి నుంచి ఆరు గొంతులు ఒక్కసారే పలికాయి.

జంబులింగం ఎగిరిపడ్డాడు. "ఎవర్రా అది? ఇది నా ఆఫీసు!"

"ఆఫీసా?" పెద్దయ్య గొంతు మారింది. "కూలే ఇళ్లవాళ్ల కోసం నేను తవ్విస్తే నువ్వు కాపురం పెట్టావా?"

"అది... పరిశోధన కోసం..."

"పరిశోధన ప్రకారం ఇల్లు వాళ్లదే కదా నాయనా. ఇప్పుడేగా చేసి చూపించావు" అన్నాడు కూర్మయ్య.

జంబులింగం కిందనున్న తన పాత బొరియ దగ్గరికి పరిగెత్తాడు. "ఇంట్లో ఎవరు?" అని అరిచాడు.

"మేమే బావా! పిల్లలు పడుకున్నారు, వాన తగ్గాక రా" అన్నాడు బామ్మర్ది.

తడిసి ముద్దయి జంబులింగం తిరిగి మెట్ట ఎక్కుతుండగా, ఏటి వైపు నుంచి ధబేల్‌మని చప్పుడొచ్చింది. వజ్రమ్మ గుమ్మంలోకొచ్చి చూసింది. గట్టు లేదు. ఆమె బొరియ ఉన్నచోట ఎర్రనీళ్లు సుడి తిరుగుతున్నాయి. వెనక్కి తిరిగి పిల్లల్ని ఒకసారి లెక్కపెట్టుకుంది, నమ్మకం కుదరక మళ్లీ లెక్కపెట్టుకుంది. నలుగురూ ఉన్నారు.

పెద్దయ్య నక్క వైపు తిరిగాడు. "జంబులింగం, ఆకు తియ్యి. ఇల్లు లేనివాడు ఒకడున్నాడని రాసి, పక్కన నీ పేరు పెట్టు."

జంబులింగం గోరుతో అలాగే రాశాడు. ఏం చేస్తాడు, పద్ధతి తనదే!

"లోపలికి రండి బావగారూ, జ్వరం వస్తుంది" అంది వజ్రమ్మ. "కానీ రేపటి నుంచి గుమ్మంలో నిలబడి కేకలు వెయ్యడం కాదు. ప్రతి ఇంటి లోపలికీ వెళ్లి గోడలు తడిమి చూడాలి. బీట కనిపిస్తే ముళ్లపందుల్ని వెంటనే పిలవాలి. సరేనా?"

"సరే" అన్నాడు జంబులింగం, తల పైకెత్తకుండా.

ఆ వానాకాలమంతా నక్కగారు బురదలో పడి గోడలు తడుముతూనే తిరిగారు. రోజంతా తిరిగొచ్చి గుమ్మం పక్కన ఒరిగితే ఒకవైపు గురవయ్య గురక, మరోవైపు తోక పట్టుకుని ఊగే ముంగిస పిల్లలు.

కాబట్టి పిల్లలూ, ఇల్లు కూలకముందు వచ్చి చేసేదే సాయం, కూలాక వచ్చి చేసేది పరామర్శ.