తెరిచి చూడని కాపీ

కంప్యూటర్ గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళే రోజుల్లో, శ్రీకాకుళంలోని ఒక మాండలిక నిఘంటువు ఆఫీసులో, తన చేత్తో చేసిన పనిని తప్ప మరి దేన్నీ నమ్మని దక్షిణామూర్తి అనే ఉద్యోగి ఉండేవాడు.

ఇప్పుడు తలుచుకుంటే ఆ ఆఫీసు ఎంత సందడిగా ఉండేదో అనిపిస్తుంది. కొందరు టేపురికార్డర్లు భుజాన తగిలించుకుని ఊళ్ళు తిరిగేవారు. రైతులు, జాలర్లు, నేతగాళ్ళు వాడే మాటలు పట్టుకొచ్చేవారు. హాల్లో కూర్చున్నవాళ్ళు ఆ క్యాసెట్లు వింటూ మాటల్ని కంప్యూటర్‌లోని డేటాబేస్‌లోకి ఎక్కించేవారు. ఎవరి చెవినైనా ఒక కొత్త మాట పడితే పైకి చదివేవారు. మిగతావాళ్ళు టీ గ్లాసులు పక్కన పెట్టి, "మా అమ్మమ్మ దీన్ని ఇంకోలా అనేది" అంటూ మొదలుపెట్టేవారు. క్యాసెట్లు చాలేవి కావు. ఎక్కించడం అయిపోయిన క్యాసెట్ మీదే ఇంకో ఊరి మాటలు రికార్డు చేసేవారు. అందుచేత ఆ గొంతులు చెప్పినవన్నీ చివరికి కంప్యూటర్‌లోనే మిగిలేవి.

ఆ కంప్యూటర్‌ను చూసుకునే బాధ్యత మూర్తిది. రోజూ సాయంత్రం డేటాబేస్ ఫైళ్ళన్నిటినీ వేరే డిస్కులోకి కాపీ చేసేలా అతను స్వయంగా ఒక స్క్రిప్టు, అంటే కంప్యూటర్ తనంతట తానే నడుపుకునే ఆదేశాల వరస, రాశాడు. పొద్దున్నే తెర వెలిగించగానే "కాపీ పూర్తయింది" అన్న అక్షరాలు కనబడేవి. అవి చూసుకుని మురిసిపోతూ ఉండేవాడు.

కొన్నాళ్ళకు నసీమా అనే ఆవిడ అతనికి తోడుగా ఉద్యోగంలో చేరింది. అంతకుముందు ఆవిడ ఒక బ్యాంకు కంప్యూటర్ విభాగంలో పనిచేసింది. స్క్రిప్టు మొదటినుంచి చివరిదాకా చదివింది.

"మూర్తిగారూ, ఇది నడుస్తున్నంతసేపూ హాల్లో మనవాళ్ళు మాటలు ఎక్కిస్తూనే ఉంటారు కదండీ. మొదటి ఫైలు కాపీ అయ్యాక కూడా డేటాబేస్ మారుతుంది. ఆఖరి ఫైలు కాపీ అయ్యేసరికి ఆ రెండు ఫైళ్ళూ ఒకదానికొకటి పొసగవు, కాపీ తెరుచుకోకపోవచ్చు" అంది.

"ఫైళ్ళన్నీ వస్తున్నాయి కదమ్మా. ఇంకేం కావాలి?" అన్నాడు మూర్తి.

"డేటాబేస్‌కోసమే తయారుచేసిన బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఉందండీ. ఎవరు పని చేస్తున్నా సరే, అన్నిటినీ ఒకే క్షణానికి సరిపోయేలా కాపీ తీస్తుంది. కాపీ సరిగా లేకపోతే చెబుతుంది కూడా."

"నా స్క్రిప్టులో ప్రతి అక్షరం నాకు తెలుసు. ఎవరో చేసినదాన్ని నేనెందుకు నమ్మాలి?"

"పోనీ, మీ కాపీని ఒక్కసారైనా వేరే కంప్యూటర్‌లో తెరిచి చూశారా?"

"ఆ అవసరం రాలేదు" అన్నాడు మూర్తి, మాట తుంచేస్తూ.

సంపాదకురాలు వైదేహిగారి దాకా ఆ సంగతి వెళ్ళింది. ఆవిడకు కంప్యూటర్ గొడవలు తెలియవు. "మూర్తీ, భయం లేదంటావా?" అని అడిగారు. "నాదీ పూచీ" అన్నాడు అతను. ఆవిడ నమ్మారు.

ఆ ఏడు వానాకాలంలో, మొదటి సంపుటం అచ్చుకు వెళ్ళాలన్న తొందరలో ఉగాది దాటినప్పటినుంచీ ఆదివారాలు కూడా పని సాగుతుండగా, కంప్యూటర్‌లోని డిస్కు పాడైపోయింది. హాల్లో అందరూ కుర్చీల్లోంచి లేచారు. మూర్తి మాత్రం కంగారు పడలేదు. కొత్త డిస్కు పెట్టి, కాపీ చేసిన ఫైళ్ళన్నీ అందులో వేశాడు. డేటాబేస్ తెరుచుకోలేదు. ముందురోజు కాపీ వేశాడు. అదీ అంతే. ఉన్న కాపీలన్నీ ఒక్కొక్కటిగా ప్రయత్నించాడు. చివరికి ఉగాది సెలవు నాడు, హాల్లో ఎవరూ లేనప్పుడు తీసి పక్కన పెట్టిన కాపీ ఒక్కటే తెరుచుకుంది.

ఉగాది తరవాత ఎక్కించినవన్నీ సముద్రపు ఒడ్డున ఉన్న ఉప్పలపేట జాలర్ల మాటలు. అవేవీ లేవు.

వైదేహిగారు తన గదిలోకి వెళ్ళి కూర్చున్నారు. ఆవిడ తిట్టి ఉంటే మూర్తికి కాస్త తేలికగా ఉండేదేమో. మర్నాడు టేపురికార్డరు తీసుకుని అతనే ఉప్పలపేట బయలుదేరాడు.

ఊళ్ళోవాళ్ళు విసుక్కోకుండా చెప్పిన మాటలే మళ్ళీ చెప్పారు. వలల పేర్లు, చేపల పేర్లు దొరికాయి. కానీ గాలుల పేర్లన్నీ చెప్పిన అప్పలస్వామి అనే ముసలి జాలరి ఈలోగా పోయాడు. అతని కూతురు నూకాలమ్మ గుమ్మంలో కూర్చుని వల అల్లుతోంది.

"మా అయ్య అన్ని గాలులికీ పేర్లు సెప్పీవోడు బాబూ. నాకు రెండు మూడే గేపకం" అంది.

ఆ రెండు మూడూ చెప్పింది. తరవాత అల్లిక ఆపి సముద్రంవైపు చూసింది.

"తెల్లారకముందు నీటిమీద సన్నంగా వొస్తాది సూడు, ఆ గాలికి ఒక పేరుండేది. పడవ తోసీటప్పుడు మా అయ్య దాన్ని మనిషిని పిలిసినట్టు పిలిసీవోడు" అంది.

మూర్తి రికార్డరు పట్టుకుని ఎదురుచూశాడు. నూకాలమ్మ పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. క్యాసెట్ తిరుగుతూనే ఉంది. కాసేపటికి ఆమె తల అడ్డంగా ఊపి మళ్ళీ వల అందుకుంది.

ఆఫీసుకు తిరిగి రాగానే మూర్తి నసీమా దగ్గరికి వెళ్ళాడు. "అమ్మా, నువ్వు చెప్పిన సాఫ్ట్‌వేర్ పెడదాం. ఎలా వాడాలో నాకు నేర్పు" అన్నాడు. ఆవిడ ఎత్తిపొడవలేదు. తన పక్కకు ఇంకో కుర్చీ లాగి అతన్ని కూర్చోమంది. అప్పటినుంచి వారంవారం కాపీని వేరే కంప్యూటర్‌లో తెరిచి, మాటలు చదివి చూసుకున్నాకే ఇద్దరూ ఇంటికి వెళ్ళేవారు. ఆ తరవాత ఒక్క మాట కూడా పోలేదు.

నిఘంటువు అచ్చయి వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు. తెల్లవారుజామున వీచే ఆ సన్నగాలి పేరు మాత్రం అందులో లేదు.

నీతి: మళ్ళీ సంపాదించలేనిదాన్ని దాచేటప్పుడు మన చేతిపని మీద మమకారం పెట్టుకోకూడదు, ఆ పనికోసమే తయారైన సాధనాన్ని వాడాలి, దాచింది తిరిగి దక్కుతుందో లేదో ముందే చూసుకోవాలి.