రేవు మూయించిందెవరు?

వెనకటికి ఒక రాజ్యంలో ప్రజలు ఎన్నుకున్న సభ ఉండేది. మంత్రి రాసిచ్చిన ఆజ్ఞ మీదే రాజు సంతకం పెట్టాలి, దానికి సభలో జవాబు చెప్పాల్సింది మంత్రే. రాజు సొంతంగా ఇచ్చే ఆజ్ఞ చెల్లదు. అది అక్కడి కట్టుబాటు.

ఒకనాడు పడవ నడుపుకునే పోలమ్మ రేవును మూసేశారు. ఆ పక్కనే మంత్రి బావమరిది కొత్త రేవు తెరిచాడు. పోలమ్మ తడికొంగు పిండుకుంటూ సభకెళ్లి, తన రేవు ఎందుకు మూశారని అడిగింది.

మంత్రి వీరభూపతి మీసం దువ్వుకుని, "అది రాజుగారి ఆజ్ఞ. నా చేతుల్లో ఏముంది?" అన్నాడు. ఎవరొచ్చినా అతను చెప్పే మాట అదే. రాజు పేరు వినగానే వచ్చినవాళ్లు నోరు మూసుకుని వెళ్లిపోయేవారు.

పోలమ్మ వెళ్లలేదు. "అయితే తమరు రాసివ్వలేదా బాబూ?"

"నాకే సంబంధమూ లేదని చెబుతున్నానుగా."

"అంటే రాజుగారు సొంతంగా ఇచ్చారన్నమాట. అలాంటిది చెల్లదు కదా. రేపట్నుంచి నా పడవ నేను నడుపుకుంటాను" అని వెనుదిరిగింది.

మంత్రి కంగారుగా లేచాడు. "ఆగు. రాసిచ్చింది నేనే."

పోలమ్మ నింపాదిగా వెనక్కొచ్చింది. "అయితే చెప్పండి బాబూ, ఎందుకు మూశారు?"

సభ మొత్తం మంత్రి వైపు తిరిగింది. బావమరిది పేరు బయటికి రాకముందే అతను కలం, కాగితం అందుకున్నాడు.

సాయంత్రానికల్లా రేవు తెరవమని కొత్త ఆజ్ఞ తయారైంది. రాజుగారు ఎప్పటిలాగే, ఎందుకని అడక్కుండా సంతకం పెట్టారు.