పశువుల పాకలో పిలుపు

స్వామి తెలివి పంచేటప్పుడు ఎకరాలు చూడడు, వినండి నాయనలారా! ఈ ఏడు వరి వద్దు, చోళ్లు, అదే రాగులు, చల్లమని దివాను కోటవాకిట దండోరా వేయించాడు. పెద్ద రైతులంతా విన్నారు. ఊరి చివర అరెకరం రైతు ఎరకయ్య మాత్రం ఆ కబురే అందక వరి చల్లాడు.

"ఆజ్ఞ మీరాడు ప్రభూ, వీడి పొలం లాక్కోవాలి!" అన్నాడు దివాను, రాజుగారి ముందు.

"చిత్తం. మరి నిన్న నరసింహస్వామి ప్రసాదానికి పిలిస్తే దివానుగారు రాలేదే మహారాజా?" అన్నాడు ఎరకయ్య.

దివాను మండిపడ్డాడు. "నన్నెప్పుడు పిలిచావురా?"

"మా పశువుల పాకలో నిలబడి గొంతు చించుకుని పిలిచాను బాబూ."

"పాకలో అరిస్తే కోటలో నాకెలా వినపడుతుందిరా?"

"కోటవాకిట కొడితే పాకలో నాకెలా వినపడుతుంది బాబూ?"

రాజుగారు పకపకా నవ్వారు. ఎరకయ్య పొలం ఎరకయ్యకే దక్కింది. ఆనాటి నుంచి దండోరా మొదట ఆ పాక దగ్గరే మోగేది. అంతా స్వామి దయ!